అద్దకం బట్టకు ధర కట్టేదెవరు?

1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఇండియాలో ఉన్న తమ ఉద్యోగులకు ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే అద్దకం దుప్పట్లలో చాలావాటి నిండా ముదురు ఎరుపే ఉంటోందని, అది ఇక్కడివాళ్లకు అంతగా నచ్చడం లేదని, ఇకమీదట తెలుపు ఎక్కువగా ఉంచి మధ్యలో పూలు, కొమ్మలు రంగుల్లో వేయించమని చెప్పారు. ఆ పూలూ కొమ్మలూ ఎలా వేయాలన్నది మాత్రం బొమ్మ వేసేవాడి ఇష్టానికే వదిలేశారు. గార్మెంట్ ఎగుమతుల్లో పనిచేసేవాళ్లకు ఈ ఉత్తరం వింతగా అనిపించదు. బయ్యర్ దగ్గర్నుంచి వాళ్లకు రోజూ వచ్చే మెయిల్ దాదాపు ఇలాగే ఉంటుంది. కాకపోతే బొమ్మ నీ ఇష్టం అన్న ఆఖరి మాట ఇప్పుడు ఉండదు.

ఫ్యాషన్‌లో వలస పాలన జాడల మీద చర్చ సాధారణంగా ప్యాంటూ కోటూ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. మే నెల ఎండలో నల్లకోటు తొడుక్కుని కోర్టు వరండాలో చెమటలు కక్కే లాయరు కళ్లెదుటే ఉంటాడు కాబట్టి అది సహజమే. పట్టా ప్రదానోత్సవాల్లో నల్ల గౌను తీసేసి చేనేత అంగీలు, కండువాలు వేసుకోవాలని యూజీసీ 2019లో విశ్వవిద్యాలయాలను కోరింది. మంచిదే. కానీ గౌను పోయి కండువా వచ్చినంత మాత్రాన ఆ కండువా నేసినాయనకు కూలి ఎంత ముట్టింది, నూలు ఎక్కడ్నుంచి వచ్చింది, ఆ ఆర్డరు వద్దనుకునే వీలు ఆయనకు ఉందా అన్నవి మారవు. ఒంటి మీద ఏముందన్న దానికంటే ఆర్డరు కాగితం మీద ఏముందన్నది చూస్తేనే ఈ కథ సరిగ్గా అర్థమవుతుంది. ఆ కథకు కోరమాండల్ తీరం, అందులోనూ మచిలీపట్నం, మంచి ఉదాహరణ.

కొనేవాళ్లు నలుగురున్నప్పుడు

డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టేనాటికే అది గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. ఇరాన్ వర్తకులు అప్పటికే అక్కడ పాతుకుపోయి ఉన్నారు. డచ్చివాళ్లకు కావలసింది నిజానికి లవంగాలు, జాజికాయలు. అవి దొరికే ఇండోనేషియా దీవుల్లో చాలాచోట్ల వెండి చూపిస్తే సరుకు ఇచ్చేవాళ్లు కారు, కోరమాండల్ బట్ట చూపిస్తే ఇచ్చేవాళ్లు. అంచేత ఈ తీరంలో అద్దకం పనివాళ్లు ఇరాన్‌కు ఒక తీరుగా, జావాకు ఇంకో తీరుగా, లండన్‌కు మరో తీరుగా బట్టలు వేసేవాళ్లు. మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఇవాళ్టికీ వాడే చెక్క అచ్చుల్లో ఇరానీ పూలు, తీగలు కనిపించడానికి కారణం అదే. బయటివాడి చెయ్యి తగలని, మొదట్నుంచీ స్వచ్ఛమైన కలంకారీ ఒకటి ఉండేదని, దాన్ని పరాయివాళ్లు పాడుచేశారని చెప్పే మాట చరిత్ర ముందు నిలబడదు. పరాయి అభిరుచికి తగ్గట్టు పనిచేయడం ఈ వృత్తిలో మొదట్నుంచీ ఉంది. కంపెనీవాడి ధర గిట్టకపోతే ఇరానీ వర్తకుడికి అమ్ముకునే దారి పనివాడికి అప్పట్లో ఉండేది.

ఈ బట్టల్లో యూరప్‌ను ఆశ్చర్యపరిచింది బొమ్మ కంటే ముందు రంగు. ఉతికినా పోని ఎరుపు, ఉతికేకొద్దీ తేరే నీలం నూలుబట్ట మీద తేవడం అక్కడి అద్దకందారులకు అప్పటికి చేతకాలేదు. ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం చుట్టుపక్కల దొరికే చిరివేరుకు మంచి పేరు. బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఎండబెట్టి, పటిక నీళ్లతో గీసి, వేరుతో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగును పేడనీళ్లు, ఎండ కలిసి లాగేస్తాయి. చెప్పడానికి నాలుగు వాక్యాలు. చేయడానికి వారాలు పడుతుంది. నీళ్లలో ఏ ఉప్పు ఎంత ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

గిరాకీ ఎంత పెరిగిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టలను నిషేధించి 1759 దాకా ఎత్తేయలేదు. ఇంగ్లండ్ 1701 నుంచి దిగుమతిని కట్టడి చేసింది. 1721 చట్టంతో అద్దకం నూలుబట్ట కట్టుకోవడాన్నే నేరం చేసి 1774 దాకా అమలుపరిచింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పిన దేశాలు తమ బట్టల పరిశ్రమను పెంచుకున్నది ఇలా తలుపులు మూసుకునే. ఆ మూసిన తలుపుల వెనకాల వాళ్లు చేసిన మరో పని ఇక్కడి విద్యను రాసుకోవడం.

కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరి అప్పట్లో ఈ తీరంలో ఉండేవాడు. తెలుగు బాగా వచ్చినవాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికం ఉందని తొలినాళ్లలో గమనించినవాళ్లలో ఒకడు. ఆయన 1742లో ఫ్రాన్స్‌కు రాసిన ఉత్తరంలో అద్దకం పద్ధతి అంతా మెట్టుమెట్టుగా వివరించాడు. ఎవరి దగ్గర తెలుసుకున్నాడంటే, తాను మతంలోకి చేర్చుకున్న అద్దకం పనివాళ్ల దగ్గర. తర్వాత సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిరివేరు బొమ్మతో పాటు దాంతో రంగు వేసే తీరునూ అచ్చు వేయించాడు. తరతరాలుగా కుటుంబాల్లో ఉన్న విద్య ఇలా పాదిరి ఉత్తరంలోకి, శాస్త్రగ్రంథంలోకి వెళ్లింది. ఆ కుటుంబాల పేర్లు వెళ్లలేదు. ఫ్రాన్స్‌లో నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే, 1760లో, ఓబర్‌కాంఫ్ వెర్సాయ్ దగ్గర జూయీలో తన అద్దకం ఫ్యాక్టరీ తెరిచాడు. ఇవాళ అక్కడి బట్ట ఫ్రెంచి వారసత్వంగా చెలామణీ అవుతోంది.

దీనికి ఇంకో ముచ్చట కలపాలి. నెదర్లాండ్స్‌లో హిండెలోపెన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తులు ఆ దేశంలో చాలా ప్రసిద్ధి. అందులో పొడుగాటి అంగీ కుట్టుకున్నది డచ్చి ఓడలు మోసుకెళ్లిన కోరమాండల్ అద్దకం బట్టతో. అదే గుడ్డ అక్కడ డచ్చివాళ్ల సంప్రదాయం అయింది. సంప్రదాయానికి, ఫ్యాషన్‌కు మధ్య గీత గీసేది ఎవరన్నది ఈ ఒక్క ఊరిని చూస్తే తెలుస్తుంది.

కొనేవాడే పాలకుడైతే

1765–66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. 1788లో గుంటూరు కూడా చేరింది. అప్పటిదాకా నలుగురిలో ఒకడిగా బేరమాడిన కొనుగోలుదారుడు ఒక్కసారిగా పన్ను వసూలు చేసేవాడూ, తగువు తీర్చేవాడూ అయ్యాడు. అసలు మార్పు అక్కడ జరిగింది. సరుకు కోసం ముందే సొమ్ము ఇచ్చే బయానా పద్ధతి పాతదే, షావుకార్లూ అంతకుముందు ఉన్నవాళ్లే. కానీ ఇప్పుడు కంపెనీ బయానా తీసుకున్న నేతగాడు ఆ బాకీ తీరేదాకా ఇంకెవరికీ నేయకూడదు. నేస్తే శిక్ష. గుమ్మం ముందు బంట్రోతు కూర్చుంటాడు, అతని బత్తెం కూడా నేతగాడి నెత్తినే. ఇంజరంలో, మాధవాయిపాలెంలో కంపెనీ వర్తక ప్రతినిధులు బట్టను చూసి రకం తేల్చేవాళ్లు, ఆ రకాన్ని బట్టే ధర. 1798లో గోదావరి ప్రాంతంలో, 1816లో విశాఖ జిల్లాలో నేతగాళ్లు తిరగబడ్డారు, అర్జీలు పెట్టుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ తిరుగుబాట్లకు ఉండాల్సినంత చోటు లేదు.

తర్వాతి అధ్యాయం చాలామందికి తెలిసిందే. 1813 నాటికి ఇంగ్లండ్‌లోకి వెళ్లే ఇక్కడి నూలుబట్టల మీద సుంకం 70, 80 శాతం దాకా ఉండేది. అక్కడి మిల్లు బట్ట ఇక్కడికి నామమాత్రపు సుంకంతో దిగేది. నర్సాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీద మడపోలం అని పిలిచే తెల్లబట్టను లాంకషైర్ మిల్లులు నేసి ప్రపంచమంతా అమ్మాయి. యూరప్‌లో ఆ బట్ట ఇప్పటికీ అదే పేరుతో దొరుకుతుంది. ఊరి పేరు బతికింది, ఊళ్లో మగ్గం బతకలేదు.

1866లో ఈ వ్యవహారం ఇంకో మెట్టు ఎక్కింది. లండన్‌లో ఇండియా మ్యూజియం బాధ్యతలు చూసిన ఫోర్బ్స్ వాట్సన్ దేశం నలుమూలల బట్టల నుంచి 700 నమూనాలు కత్తిరించి 18 సంపుటాలుగా అతికించాడు. అలాంటివి 20 సెట్లు తయారుచేసి, 13 బ్రిటన్‌లోని పట్టణాలకు, ఏడు ఇండియాకు పంచాడు. ఏ తలపాగా ఎంత పొడుగు, ఏ చీరకు ఏ అంచు, ఎవరు కట్టుకుంటారు, ఎంత ధర అన్నవి వాటిలో రాసి ఉంటాయి. మాంచెస్టర్ మిల్లుదారు ఇక్కడికి రాకుండానే ఇక్కడివాళ్లకు నచ్చే బట్ట నేయడానికి అవి పనికొచ్చాయి. ఇవాళ అవి మ్యూజియాల్లో అపురూప సంపద, చూడ్డానికి నిజంగా అందంగా ఉంటాయి. కానీ అవి పుట్టింది మార్కెట్ రీసెర్చ్ ఫైళ్లుగా. రంగుల సంగతీ అంతే. 1868లో జర్మన్ రసాయనవేత్తలు చిరివేరులో ఉండే ఎరుపు పదార్థం అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడంతో చిరివేరు తవ్వుకునేవాళ్ల బతుకు తెల్లారింది. 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి రావడంతో నీలి మడులకూ అదే గతి పట్టింది.

హెల్మండ్, అక్రా, చీరాల

మైనం పూసి రంగు వేసే జావా బాతిక్ మీద కోరమాండల్ బట్టల ప్రభావం చాలా ఉంది. ఆ బాతిక్‌ను యంత్రాల మీద అచ్చుగుద్ది చవకగా జావాలో అమ్మాలని డచ్చి కంపెనీలు చూశాయి. హెల్మండ్ పట్టణంలో 1846లో మొదలైన కంపెనీ, ఇప్పటి విలిస్కో, వాటిలో ఒకటి. జావాలో అది పెద్దగా ఆడలేదు. యంత్రంలో మైనం పగిలి ఏర్పడే సన్నని గీతలు అక్కడివాళ్లకు లోపంలా కనిపించాయి. పశ్చిమ ఆఫ్రికాలో అవే గీతలు నచ్చాయి. అలా ఆఫ్రికన్ ప్రింట్ అని లోకమంతా అనుకునే బట్ట పుట్టింది. డిజైన్ జావాది, వ్యాపారం నెదర్లాండ్స్‌ది, గుర్తింపు ఆఫ్రికాది. ఈ బట్ట మాది కాదు పొమ్మని ఘనాలోనో నైజీరియాలోనో అనాలా? అక్కడ బజారుల్లో ఆ బట్టలకు పేర్లు పెట్టింది, సామెతలు అంటగట్టింది, ఏ శుభానికి ఏది కట్టాలో తేల్చింది అక్కడి ఆడవాళ్లే. డిజైన్ ఎవరిదన్న వాదం ఇలాంటి చోట తేలదు. లాభం ఏ దేశంలో మిగులుతోందన్నది మాత్రం లెక్క వేయొచ్చు.

తెలుగువాళ్లకు ఈ ఆఫ్రికా దారి కొత్తదేం కాదు. చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు రేవు మీదుగా, లండన్ వర్తకుల చేతుల మీదుగా నైజీరియాకు వెళ్లేవి. నైజర్ నది డెల్టాలోని కలబరీ ప్రజలు ఆ బట్టను ఇంజిరీ అంటారు. పుట్టుకకూ చావుకూ అది కావాలి. వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు కట్టుకుని ఊరుకోలేదు. గళ్లలో కొన్ని దారాలను బ్లేడుతో కోసి, ఒక్కొక్కటే లాగేసి, బట్ట మీద కొత్త బొమ్మ తేల్చే విద్యను కనిపెట్టారు. నేసింది చీరాలలోనే అయినా దారం లాగాక అది కలబరీ బట్ట. నేసినవాడికి కట్టుకున్నవాడెవరో తెలియదు, కట్టుకున్నవాడికి నేసినవాడెవరో తెలియదు. మధ్యలో కూర్చున్న వర్తకుడికి ఇద్దరూ తెలుసు. ఆ తెలియకపోవడం మీదే అతని లాభం నిలబడింది.

చీరాల నుంచే వెళ్లిన తేలియా రుమాలుదీ ఇదే కోవ. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టాక చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారాలను గట్టిగా ముడివేసి, ఎరుపు, నలుపు రంగులు ఎక్కించేవాళ్లు. అరబ్బు దేశాలకూ ఆఫ్రికాకూ పోయేది. ఇక్కడి జాలరులూ పశువుల కాపరులూ కట్టుకునేవాళ్లు. తమాషా ఏమిటంటే ఆ ఎరుపు జర్మన్ అలిజరిన్‌దే. చిరివేరును చంపిన రంగుతోనే మనవాళ్లు కొత్త సరుకు పుట్టించారు. వలస పాలన కథను అచ్చంగా నష్టాల కథగా చెబితే ఇలాంటి తెలివితేటలు కనిపించకుండా పోతాయి. ఆ విద్య చీరాలలో సన్నగిల్లి నల్గొండ వైపు పుట్టపాకలో, పోచంపల్లిలో నిలిచింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న చట్టబద్ధమైన ముద్ర, వచ్చింది.

బేళ్ల లోపల బిగిసిన చరిత్ర

చాలా చర్చల్లో కనిపించని సంగతి ఒకటి ఉంది, అది నూలు. లాంకషైర్ యంత్రాలు పొడుగు పింజ ఉన్న అమెరికా పత్తిని చూసి తయారైనవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ఆగిపోగానే బ్రిటన్ కళ్లు ఇండియా వైపు తిరిగాయి. కానీ ఇక్కడి దేశీ పత్తి పింజ పొట్టిది. చేత్తో వడికితే శ్రీకాకుళం పొందూరు నూలు ఎంత సన్నగా వస్తుందో అందరికీ తెలుసు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకే పద్ధతి అక్కడ ఉంది. అంటే లోపం పత్తిలో లేదు, యంత్రానికి అది సరిపడలేదు. యంత్రాన్ని పత్తికి తగ్గట్టు మార్చకుండా పత్తినే యంత్రానికి తగ్గట్టు మార్చారు. అమెరికా రకాలను ఇక్కడ అలవాటు చేసే పని వలస ప్రభుత్వం మొదలుపెట్టింది, స్వాతంత్ర్యం తర్వాత మన ప్రభుత్వాలు పూర్తిచేశాయి. నల్లరేగడిలో వానకే పండే పత్తి పోయి, నీళ్లూ మందులూ అడిగే పత్తి వచ్చింది. వరంగల్, ఆదిలాబాద్ పత్తి రైతుల అప్పుల కథకు ఇదొక్కటే కారణం కాదు గానీ మొదటి పేజీల్లో ఇదీ ఉంటుంది.

దూదిని ఓడలో ఎక్కువ పట్టించాలని గట్టిగా నొక్కి బేళ్లు కట్టడం మొదలైంది. సముద్రం దాటాల్సిన సరుకు కాబట్టి అప్పట్లో దానికి అర్థం ఉంది. ఇప్పుడు పత్తిచేను పక్కనే స్పిన్నింగ్ మిల్లు ఉన్నా జిన్నింగ్ అయిన, అంటే గింజ తీసేసిన, దూదిని ముందు రాయిలా నొక్కుతారు, తర్వాత మిల్లులో పెద్ద యంత్రాలు పెట్టి, కరెంటు ఖర్చుపెట్టి మళ్లీ విప్పుతారు. ఈ క్రమంలో పింజ దెబ్బతింటుంది. ఫ్యాషన్‌లో వలస పాలన వారసత్వానికి నల్లకోటు కంటే ఈ బేలు మంచి ఉదాహరణ. ఎవరూ దాన్ని ప్రశ్నించరు, ఎందుకంటే అది ఎవరి ఒంటి మీదా కనిపించదు.

దాన్ని ప్రశ్నించినవాళ్లలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఉజ్రమ్మ ముఖ్యులు. దస్త్‌కార్ ఆంధ్ర అనే చేనేత సంస్థ తర్వాత ఆమె చొరవతో మొదలైన మల్ఖా ప్రయత్నంలో బేలు కట్టడమే ఉండదు. దగ్గర్లో పండిన పత్తిని వదులు దూదిగానే చిన్న యూనిట్లలో వడికి, దగ్గర్లోని మగ్గాలకే ఇచ్చి, సహజ రంగులు వేస్తారు. బట్ట మెత్తగా ఉంటుంది, కట్టినవాళ్లు వదలరు. కానీ ఇదంతా చిన్న ఎత్తున నడిచే వ్యవహారం. చిన్న యూనిట్లకు సరిపడే యంత్రాలను తయారుచేసే కంపెనీలు లేవు. బ్యాంకు అప్పు, ప్రభుత్వ సబ్సిడీ అన్నీ పెద్ద మిల్లు కొలతలకే అలవాటుపడ్డాయి. అయినా ఈ ప్రయత్నం వేసిన ప్రశ్న సూటిగా ఉంది. నేతగాడికి నూలు మీద చేతిలో పట్టు లేనప్పుడు డిజైన్ ఎవరిదైనా ఒరిగేదేమిటి? నూలు ధర పెరిగిన ప్రతిసారీ మంగళగిరిలోనో గద్వాలలోనో మగ్గం ఆగిపోవడం చూసినవాళ్లకు దీనికి జవాబు చెప్పనక్కర్లేదు.

క్షమాపణ చెప్పాక

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా మగవాళ్ల ఫ్యాషన్ షోలో మోడళ్లు తొడుక్కొచ్చిన చెప్పులు అచ్చం కొల్హాపురీలు. షో వివరాల్లో వాటిని తోలు చెప్పులు అన్నారంతే. గొడవయ్యాక ప్రాడా మూలాన్ని ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని, 2,000 జతలు ఇక్కడే చేయించి జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. ఇలాంటి వివాదాలు ఎక్కువగా ఒక పోస్టుతో ముగిసిపోతాయి, ఇది ఆర్డరు దాకా వెళ్లింది. ఆ మేరకు ఇది ముందడుగే.

మధ్యలో జరిగిన ఒక సంగతిని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. ప్రాడా మీద బాంబే హైకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 జులైలో కోర్టు కొట్టేసింది. జీఐ హక్కుదారులైతే దావా వేయాలి గానీ మీరెవరని అడిగింది. హక్కుదారులు ఎవరంటే ఆ రెండు కార్పొరేషన్లే, 2019 నుంచి. చెప్పు కుట్టే కుటుంబాలు అధీకృత ఉత్పత్తిదారులు కావచ్చు, కోర్టు తలుపు తట్టే తాళంచెవి మాత్రం దఫ్తరులో ఉంది. ఇంకో మాట కూడా అనుకోవాలి. కొల్హాపురీలు కుట్టేది ఎక్కువగా దళిత కుటుంబాలు. మిలాన్‌లో వాళ్ల పేరు చెప్పలేదని కోప్పడినవాళ్లలో ఎంతమంది ఇక్కడి షోరూముల్లో ఆ పేరు రాసి ఉందో లేదో చూశారు? చీరల దగ్గరకు వచ్చినా అంతే. డిజైనర్ పేరు బంగారు దారంతో కుట్టి ఉంటుంది, నేసిన పద్మశాలి పేరు, దేవాంగుల పేరు ఎక్కడా ఉండదు. వలసవాదాన్ని ఫ్యాషన్ నుంచి తీసేస్తామనేవాళ్లు కులం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తే, ఆ ఉద్యమం ఒక షోరూము నుంచి ఇంకో షోరూముకు లాభం మార్చే పనిగా మిగులుతుంది.

జీఐ చట్టం మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు మచిలీపట్నమే పాఠం. శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ రెండిటికీ జీఐ ఉంది. అయినా మిల్లులో స్క్రీన్ ప్రింట్, డిజిటల్ ప్రింట్ కొట్టిన బట్ట కలంకారీ అనే పేరుతో బెజవాడ వన్‌టౌన్ నుంచి అమెరికాలో తెలుగువాళ్ల సంక్రాంతి స్టాళ్ల దాకా దర్జాగా అమ్ముడవుతోంది. చట్టం ప్రాంతంతో ముడిపడిన పేరును కాపాడుతుంది, పూలతీగను కాపాడదు. తప్పుడు పేరును పట్టుకోవాలన్నా ఎవరో ఒకరు తనిఖీ చేయాలి, కేసు వేయాలి, వాయిదాలకు తిరగాలి. రోజుకూలి మీద బట్ట ఉడకబెట్టే మనిషికి అది అయ్యే పని కాదు. 2019–20 చేనేత గణనలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే అని తేలింది.

మెక్సికో ఇంకో దారి పట్టింది. అక్కడి సాంస్కృతిక శాఖ 2019లో కరోలినా హెరేరాకు, 2021లో జారా, ఆంత్రోపోలజీ అనే ఫ్యాషన్ బ్రాండ్లకు బహిరంగంగా ఉత్తరాలు రాసింది. ఫలానా ఊరి ఎంబ్రాయిడరీని ఏ హక్కుతో వాడారో ఆ ఊరికి వివరణ ఇవ్వండని అడిగింది. 2022లో ఆదివాసీ, ఆఫ్రో మెక్సికన్ సమాజాల వారసత్వానికి సామూహిక యాజమాన్య హక్కును గుర్తిస్తూ చట్టం తెచ్చింది. 2025లో అడిడాస్ అక్కడి ఒవాహాకా రాష్ట్రపు చెప్పుల డిజైన్‌ను వాడుకుని దొరికిపోయినప్పుడు కంపెనీ ప్రతినిధులు యలాలగ్ అనే ఊరికి వెళ్లి జనం ముందు క్షమాపణ చెప్పారు. రాజధానిలో ప్రెస్‌మీట్ పెట్టి చేతులు దులుపుకోకుండా ఊరికే వెళ్లాల్సి రావడం చిన్న విషయం కాదు. ఆ ఊరి సమ్మతి లేకుండా పని జరగదన్న నియమం అలవాటవడానికి అది మొదటి మెట్టు.

పేరు, క్షమాపణ సాధించడం ఎంత కష్టమో, ఆర్డరు షరతులు మార్చడం అంతకు పదింతలు. 2020లో కోవిడ్ మొదలవగానే పాశ్చాత్య బ్రాండ్లు బంగ్లాదేశ్‌లో 300 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లను రద్దు చేయడమో ఆపేయడమో చేశాయి. వాటిలో కుట్టడం పూర్తయి పెట్టెల్లో సర్దిన బట్టలూ ఉన్నాయి. గుడ్డ ఖర్చు, కూలి అప్పటికే ఫ్యాక్టరీ పెట్టేసింది. డబ్బు మాత్రం సరుకు చేరిన వారాలకో నెలలకో వచ్చే ఒప్పందం. కంపెనీ రోజుల్లో కనీసం బయానా ముందు ఇచ్చేవాళ్లు! ఇప్పుడు పెట్టుబడి కూడా పేద దేశపు ఫ్యాక్టరీదే. ఆ ఏడాది మొదలైన పేఅప్ ప్రచారం బ్రాండ్ల పేర్లు పెట్టి అడిగి, చాలావాటి చేత బాకీలు కట్టించింది. ఆ బ్రాండ్లలో కొన్ని అదే ఏడాది వైవిధ్యం గురించీ జాతి సమానత్వం గురించీ అందమైన ప్రకటనలు ఇచ్చాయి.

పాతబట్టల వ్యాపారం ఈ కథకు తోక లాంటిది. ఘనా రాజధాని అక్రాలోని కంటామాంటో బజారుకు ధనిక దేశాలు వాడి వదిలేసిన బట్టలు ఓడల్లో వస్తాయి, వారానికి కోటిన్నర దాకా అని అక్కడ పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థ లెక్క. వాటిని బాగుచేసి, తిరగకుట్టి అమ్మి బతికే వేలమంది అక్కడ ఉన్నారు. పనికిరానివి కాలవల్లోకి, సముద్రంలోకి పోతాయి. తూర్పు ఆఫ్రికా దేశాలు ఈ దిగుమతుల్ని ఆపాలని 2016లో అనుకున్నాయి. రువాండా పాతబట్టల మీద సుంకాన్ని కిలోకు 20 సెంట్ల నుంచి రెండున్నర డాలర్లకు పెంచింది. అమెరికా పాతబట్టల వ్యాపారుల సంఘం ఫిర్యాదు చేసింది. ఒత్తిడికి కెన్యా, ఉగాండా, టాంజానియా వెనక్కి తగ్గాయి. రువాండా తగ్గలేదు. 2018లో ఆ దేశపు దుస్తులకు అమెరికా సుంకం లేని ప్రవేశాన్ని నిలిపేసింది. 1721లో ఇంగ్లండ్ తన నేతగాళ్ల కోసం పరాయి బట్టను ఆపితే దాన్ని శిక్షించగలిగిన వాడు లేడు. మూడు వందల ఏళ్ల తర్వాత చిన్న దేశం అదే పని చేస్తే మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

అంతర్జాతీయ చట్టం నత్తనడకన కదులుతోంది. మేధోసంపత్తి సంస్థ వైపోలో సంప్రదాయ విజ్ఞానం, సాంస్కృతిక రూపాల మీద కమిటీ 2000లో ఏర్పడింది. 2024 మేలో వచ్చిన ఒప్పందం జన్యు వనరులు, వాటితో ముడిపడిన విజ్ఞానం వాడిన పేటెంట్లకే పరిమితం. అదే ఏడాది నవంబర్‌లో రియాద్‌లో కుదిరిన డిజైన్ల ఒప్పందం, డిజైన్ నమోదుకు వచ్చే కంపెనీని అందులో సంప్రదాయ కళారూపం ఏదైనా వాడావా అని అడిగే అధికారాన్ని దేశాలకు ఇచ్చింది. అడగాలని ఆదేశించలేదు, అడగొచ్చని అంది. ఇండియా అడగాలని నిర్ణయించుకుంటే పెడన అచ్చుల, పుట్టపాక చిటికి లెక్కల నమోదు పక్కాగా ఉండాలి. ఆ నమోదు ఎవరి పేరున ఉండాలి, తీసేవాళ్లెవరు, దాన్ని చూసే అనుమతి ఎవరి చేతిలో ఉండాలి అన్నవి ముందు తేలాలి. అవి తేలకపోతే వాట్సన్ సంపుటాలకూ దానికీ పెద్ద తేడా ఉండదు.